కొల్లేఠు

మా బీరువా కింది అరలో ఒక నీలిరంగు టీషర్టు ఉంది. దాన్ని ఎవరూ తొడుక్కోరు, ఎవరికీ ఇవ్వం. ఎదమీద తెల్లటి సిరాతో, జానెడు పొడవున, ఒకే ఒక్క మాట: ‘కొల్లేఠు’. చూసినవాళ్ళు నాకు తెలుగు రాదనుకునే ప్రమాదం ఉంది కనుక ముందే మనవి చేసుకుంటాను. నేను రాసింది ‘కొల్లేరు’ అనే. రకారం కడుపులోకి ఎక్కడినుంచో ఆవగింజంత చుక్క వచ్చి కూర్చుంది. చుక్క పెడితే ర కాస్తా ఠ అవుతుందన్నది పలకా బలపం నాటి పాఠమే అయినా, ఆ చుక్క బరువెంతో నాకు తెలిసివచ్చింది 2020 సంక్రాంతికి.

తెరమీద తెలుగు సరిగ్గా కనబడడం కోసం ఒకప్పుడు మనమంతా పడ్డ పాట్లు గుర్తున్నవారికి నా బాధ వేరుగా చెప్పనక్కరలేదు. ఒత్తు ఒక చోట, అక్షరం ఒక చోట తేలి, మధ్యలో సున్నా చుట్టిన చుక్కల వలయాలు వెక్కిరించిన రోజులవి. అప్పుడు తప్పు ఖతిదో, విహారిణిదో, విండోస్‌దో అని ఎవరో ఒకరి మీదకు నెట్టే వీలుండేది. గుడ్డమీద అచ్చు వేసేటప్పుడు ఆ వెసులుబాటు లేదు. చట్రం నాది, చెయ్యి నాది, చుక్కా నాదే.

సంగతి మొదటినుంచీ చెబుతాను.

తాడేపల్లిగూడెంలో మా మావయ్యకు ఒకప్పుడు స్క్రీన్ ప్రింటింగు పని ఉండేది. దుకాణం అని పేరే గానీ ఇంటి ముందుగదే. శుభలేఖలు, విజిటింగు కార్డులు, ఉల్లిపాయల కొట్లవారి బిల్లు పుస్తకాల అట్టలు, ఎన్నికలొస్తే గుడ్డ జెండాలు. చిన్నప్పుడు వేసవి సెలవులకు వెళితే, ఇంటినిండా తీగలకు క్లిప్పులు పెట్టి ఆరేసిన శుభలేఖల కింద వంగి నడవడం నాకు బాగా జ్ఞాపకం. ఆరిన కార్డుకు నాలుగు మూలలా పసుపు రాయడం పిల్లల పని. ఆఫ్‌సెట్టు చవకై, ఆపైన కంప్యూటరులోంచి నేరుగా రంగుల్లో అచ్చు దిగడం మొదలయ్యాక ఆ చెక్క చట్రాలు అటకెక్కాయి. ఏలూరులో మా ఇంటి డాబా ఖాళీగా ఉందని, నాకు ఇలాంటి పనులమీద సరదా ఉందని, మావయ్య వాటిని ఒకరోజు ఆటోలో పంపేశాడు. ఆరు చట్రాలు, రెండు రబ్బరు పలకలు, ఒక మందపాటి అద్దం, నారింజరంగు స్ఫటికాలున్న ఒక సీసా. ఆ సీసా సంగతి చివర్లో చెబుతాను.

ఈ పని సూత్రం చాలా సులువు. సన్నటి జాలిగుడ్డను చట్రానికి బిగించి, అక్షరాలున్న మేర తప్ప మిగిలిన కన్నాలన్నీ మూసివేసి, పైనుంచి రబ్బరు పలకతో సిరా లాగితే, తెరిచి ఉన్న చోటునుంచి మాత్రమే అది కిందికి దిగుతుంది. మాంచెస్టరులో శామ్యూల్ సైమన్ అనే ఆయన 1907లో పట్టుజాలితో ఈ పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు; పట్టు పోయి పాలియెస్టరు వచ్చినా పేరులో పట్టు చాలాకాలం మిగిలిపోయింది. మనకు అంతదూరం పోనక్కర కూడా లేదు. పెడనలో కలంకారీ చెక్క అచ్చుల పక్కనే స్క్రీను అచ్చులు వచ్చి చేరి, ఏది అసలు కలంకారీ అన్న తగవు కూడా తెచ్చిపెట్టాయి. కన్నాలు మూయడానికి వాడే జిగురును ఎమల్షన్ అంటారు. దానికి వెలుగు సోకితే గట్టిపడుతుంది, సోకనిచోట నీళ్ళతో కడిగితే పోతుంది. నల్లటి అక్షరాలున్న పారదర్శకపు కాగితాన్ని దానిమీద పరిచి, అద్దం నొక్కి, ఎండలో పెడితే అక్షరాల నీడపడ్డ చోటు పచ్చిగానే ఉండిపోతుంది. ఆ కాగితాన్ని పాజిటివ్ అంటారు. అంతే విద్య.

అంతే విద్య అనుకునే నేను నలభై టీషర్టులకు ఒప్పుకున్నాను.

అడిగినవాళ్ళు కొల్లేటి లంక ఊరి కుర్రాళ్ళు. సంక్రాంతికి కబడ్డీ పోటీ పెట్టుకున్నారు. ఆడేవాళ్ళూ, వాళ్ళవెంట కేకలు వేసేవాళ్ళూ అందరూ ఒకే రంగులో ఉండాలని వాళ్ళ కోరిక. తలా నూటయాభై వేసుకున్నారు. ఆ డబ్బు నాకు తెచ్చిచ్చిన కుర్రాడు పాలిథిన్ సంచి విప్పి లెక్కపెడుతుంటే, అందులో పదులూ ఇరవైలే ఎక్కువ. కొన్ని నోట్లు చేపల వాసన వేశాయి. “పేరు మటుకు పెద్దగా పడాలండి, ఒడ్డునుంచి చూసినా కనబడాలి,” అన్నాడు. ముప్పయినాలుగు నీలిరంగు నూలువి, ఆడేవాళ్ళకని ఆరు ఎర్రటి పాలియెస్టరువి తెప్పించాను.

పుష్యమాసపు మంచులో పని మొదలుపెట్టాను. మొదటి రోజు ఎమల్షన్ పూసిన స్క్రీనును ఎండలో పెట్టి కడిగితే, అక్షరాలే కాదు, చుట్టూ ఉన్న పూత కూడా పాలమీగడలా జారిపోయింది. రెండో రోజు ఎండలో ఎక్కువసేపు ఉంచాను. ఈసారి ఎంత కడిగినా అక్షరాలు తెరుచుకోలేదు. మూడో రోజుకు ఏదో ఒక మధ్యేమార్గం కుదిరింది. సిరా లాగడం మొదలుపెడితే నాలుగు చొక్కాలయ్యేసరికి అక్షరాల అంచులు అరిగిపోయినట్టు కనబడసాగాయి. సిరా జాలిలోనే ఎండిపోతోంది. ఒక చొక్కామీద ప్రతి అక్షరానికీ పక్కనే దాని దయ్యం నిలబడింది. మరొక దానిమీద చుక్క పడింది. చుక్క సంగతి నాకంటే ముందు చూసింది అమ్మ. కళ్ళజోడు సవరించుకుని, “ఇదేంట్రా, కొల్లేఠు అని ఉంది?” అంది. చూస్తే అప్పటికే పదకొండు చొక్కాలు కొల్లేఠు అయిపోయాయి. స్క్రీనులో ఆ కన్నాన్ని కాస్త ఎమల్షనుతో మూసి, చొక్కాలమీది చుక్కలను నీలం రంగుతో కుంచె పెట్టి కప్పి, పదింటిని గట్టెక్కించాను. పదకొండోదాన్ని ఉంచేసుకుని, నా దగ్గరున్న మరో నీలిచొక్కా మీద వేసి లెక్క సరిచేశాను.

మొత్తానికి భోగికి మూడురోజుల ముందు నలభై చొక్కాలూ అప్పగించాను. కుర్రాళ్ళు మురిసిపోయారు. నేనూ మురిశాను. చేత్తో తాకితే సిరా పొడిగా ఉంది, గోటితో గీకితే రాలడం లేదు. ఇంకేం కావాలి?

కనుమ నాడు ఆట చూడ్డానికి పిలిచారు. వెళ్ళాను. కైకలూరు వెళ్ళే దారిలో, రెండు పక్కలా నీళ్ళూ తూడూ, గట్లమీద కొంగలూ. ఊరు చేరేసరికి ఆట మొదలైంది. మైదానంలో నీలిచొక్కాలు కనబడ్డాయి గానీ వాటిమీద అక్షరాలు లేవు. దగ్గరికి పోయి చూస్తే, కుట్లు పైకి కనబడుతున్నాయి. కుర్రాళ్ళంతా చొక్కాలు తిరగేసి తొడుక్కున్నారు.

డబ్బులు తెచ్చిచ్చిన కుర్రాడే పరుగున వచ్చి కుర్చీ వేశాడు. “ఏం అనుకోకండి అన్నయ్యగారూ, ఊరేగింపులో తిరిగొచ్చాక ఆడవాళ్ళు ఉతికేశారండి. అక్షరాలు కొంచెం ఊడాయండి. సగం సగం ఉంటే బాగోదని తిప్పేసుకున్నాం. మీరేం బాధపడకండి, ఆట బాగా జరుగుతోందండి,” అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆడేవాళ్ళ ఎర్రచొక్కాలమీద తెల్లటి అక్షరాలు ఊడలేదు గానీ గులాబీరంగుకు తిరిగాయి. కొబ్బరినీళ్ళు ఇచ్చారు. తాగాను. గెలిచారో ఓడారో కూడా నాకు గుర్తులేదు.

మర్నాడే రెండు చొక్కాలు, ఆ కొల్లేఠు చొక్కా సంచిలో పెట్టుకుని రైలెక్కాను. భీమడోలు, పూళ్ళ దాటి తాడేపల్లిగూడెంలో దిగేవరకు దారిపొడవునా నాకు నేనే వాదించుకున్నాను: సిరా అమ్మినవాడు మోసం చేశాడు, గుడ్డ మంచిది కాదు, ఆడవాళ్ళు సోడా వేసి ఉతికారు. మావయ్య ఇంటి అరుగుమీద కూర్చుని ఈ మూడూ వరసగా విన్నవించాను.

మావయ్య ఏమీ అనలేదు. ఉతికిన చొక్కాను వెలుగుకేసి పట్టి చూశాడు, గోటితో గీకాడు, వాసన చూశాడు. ఆయన వేళ్ళ సందుల్లో, ఏ కాలంలోనైనా మానని పగుళ్ళున్నాయి. నా చిన్నప్పటినుంచీ ఉన్నాయి.

“ఇస్త్రీ ఎంతసేపు పెట్టావురా?”

“ఆరిపోయిందిగా మావయ్యా, పైపైన ఒకసారి లాగానంతే.”

“ఆరడం వేరు, పండడం వేరు,” అన్నాడు.

ఆ ఒక్క మాటలో సగం పాఠం ఉంది. నీటితో కలిపే పిగ్మెంటు సిరాలో రంగుకు గుడ్డను పట్టుకునే శక్తి లేదు. దాన్ని పట్టి ఉంచేది బైండరు అనే జిగురు. ఆ జిగురు వేడికి అల్లుకుపోయి పొర కడితేనే ఉతుకుకు నిలుస్తుంది. కార్ఖానాల్లో దానికి సుమారు నూటయాభై డిగ్రీల సెల్సియస్ వేడి మూడు నుంచి అయిదు నిమిషాలు ఇస్తారు. గాలికి నీరు ఇంకిపోగానే చేతికి పొడిగా తగులుతుంది, మనం అయిపోయిందనుకుంటాం. ప్లాస్టిసాల్ అనే రకం సిరా మరీ విచిత్రం. అది ఎన్నాళ్ళు ఆరబెట్టినా ఆరదు, సుమారు నూటఅరవై డిగ్రీలు పొర అడుగుదాకా తగిలితే తప్ప గట్టిపడదు. పెళ్ళికార్డు సిరా గాలికి ఆరితే చాలు. శుభలేఖను ఎవరూ చాకిరేవుకు వెయ్యరు కదా!

ఎర్రచొక్కా సంగతి చెబితే నవ్వాడు. “సిరా గులాబీ అవలేదురా, చొక్కా వచ్చి సిరాలో కూర్చుంది,” అన్నాడు. పాలియెస్టరుకు వేసిన రంగు వేడికి ఆవిరై పైనున్న తెల్లసిరాలోకి ఎక్కుతుంది. నూలుకు వేడి చాలక చెడింది, పాలియెస్టరుకు వేడి ఎక్కువై చెడింది. ఒకే ఇస్త్రీపెట్టె, ఒకే చెయ్యి. ఆడేవాళ్ళ చొక్కాలన్న గౌరవంతో ఆ ఆరింటికీ నేను ఎక్కువసేపు ఇస్త్రీ పెట్టిన మాట అప్పుడు గుర్తొచ్చింది.

తర్వాత కొల్లేఠు తీశాను. ఆయన చాలాసేపు నవ్వాడు. నవ్వాక అడిగాడు:

“ఈ చుక్క ఎక్కడుంది?”

“చొక్కా మీద.”

“అంతకు ముందు?”

“స్క్రీనులో కన్నం పడింది.”

“దానికి ముందు?”

నాకు తోచలేదు. “అద్దం మీద,” అన్నాడు. అద్దంమీద ధూళి కణం ఒకటి ఉంది. దాని నీడపడ్డ చోట ఎమల్షన్ గట్టిపడలేదు. కడిగినప్పుడు అక్కడ పూత పోయింది, సిరా దిగింది, ర కాస్తా ఠ అయింది. “అద్దం దేనితో తుడిచావు?” అని అడిగాడు. లుంగీ అంచుతో. మా వంశప్రతిష్ఠ దృష్ట్యా ఆ జవాబు ఇక్కడ రాయడం నాకు ఇష్టం లేదు గానీ, నిజం అదే.

ఆ మధ్యాహ్నమంతా అలాగే గడిచింది. మచ్చ కనబడే చోటు వేరు, తప్పు జరిగిన చోటు వేరు. కనబడేచోట ఎంత రుద్దినా లాభం లేదు, రెండు మెట్లు వెనక్కి నడవాలి. ఇదే ఆయన పద్ధతి. నా కష్టాలన్నిటినీ ఒక్కొక్కటిగా వెనక్కి నడిపించాడు.

పూత మీగడలా జారిపోయిందా? ఎండ తక్కువైందని నేను అనుకున్నాను. అది సగమే. అంతకుముందు పూత ఆరనేలేదు. కొల్లేటిగాలిలో, అందులోనూ పుష్యమాసపు మంచులో, పైకి ఆరినట్టు కనబడే పూత లోపల తడిగానే ఉంటుంది. చీకటిగదిలో, ఫ్యాను కింద, అచ్చువేసే వైపు కిందికి ఉండేలా పడుకోబెట్టి పూర్తిగా ఆరనివ్వాలి. ఇంకా వెనక్కి పోతే, జాలిని సబ్బుతో కడిగి జిడ్డు తీయలేదు. జిడ్డుమీద ఏ పూతా నిలవదు.

అక్షరాలు తెరుచుకోలేదా? ఎండ ఎక్కువైంది, అదీ సగమే. పాజిటివ్‌లో నలుపు పలచన. ట్రేసింగు కాగితంమీద లేజరు ప్రింటు తీస్తే కంటికి నల్లగానే ఉంటుంది, వెలుగుకు పట్టి చూస్తే బూడిదరంగు. రెండు ప్రతులు తీసి, ఒకదానిమీద ఒకటి కచ్చితంగా పేర్చి అంటించాలి. మామూలు కాగితమైతే కొబ్బరినూనె పలచగా రాస్తే వెలుగును వదులుతుంది. ఇక ఎంతసేపు ఎండ అన్నదానికి ఎవరి లెక్కా పనికిరాదు. సంక్రాంతి మంచులో పదిగంటల ఎండ, రోహిణికార్తె మిట్టమధ్యాహ్నం ఒకటి కావు. ఒక చిన్న స్క్రీనును అట్టముక్కతో కప్పి, అరనిమిషానికొకసారి కాస్త కాస్త జరుపుతూ, ఒకే స్క్రీనుమీద అయిదారు రకాల ఎండ చూపించి కడిగితే, ఏ పట్టీలో అక్షరం పదునుగా నిలిచిందో అదే ఆరోజుటి లెక్క.

సిరా జాలిలో ఎండిపోయిందా? ఆయన నవ్వి, “అది నా శుభలేఖల స్క్రీను కదరా!” అన్నాడు. కాగితంమీద సన్నటి గీతలకోసం అంగుళానికి మూడువందల దారాల దాకా ఉన్న జాలి కడతారు. నూలుగుడ్డకు సిరా బాగా దిగాలంటే అంగుళానికి నూటపది నుంచి నూటఅరవై చాలు. సన్నకన్నంలో నీటిసిరా చిటికెలో ఎండుతుంది. ఒకసారి లాగిన తర్వాత చట్రం కొంచెం పైకెత్తి, నొక్కకుండా సిరాను మళ్ళీ అక్షరాలమీద పరిచి ఉంచాలి. అప్పుడు జాలి తడిగా ఉంటుంది. వేసవిలో సిరాలో కాస్త యూరియా కలుపుతారు, అది తేమను పట్టి ఉంచుతుంది. మన చేలలో వేసే యూరియా అచ్చుగదిలోనూ ఉంటుందని నాకు అంతవరకు తెలియదు.

అక్షరం పక్కన దయ్యమా? చొక్కా కదిలింది. బల్లమీద పలుచగా గమ్ము రాసి దానిమీద పరవాలి. జాలి గుడ్డను ఆనుకుని ఉండకూడదు. రెండు రూపాయిబిళ్ళల మందం ఎడం ఉండాలి. పలక నొక్కిన చోట మాత్రమే తగిలి, దాటగానే తనంతట తాను లేవాలి. అది లేవాలంటే జాలి బిగువుగా ఉండాలి. మా చట్రాలు అటకమీద పాతికేళ్ళ వానలకు వంగి, జాలి వదులై ఉన్నాయి. ఇదిగో, మళ్ళీ రెండు మెట్లు వెనక్కి.

తెలుపు తేలిపోయిందా? నీలంమీద ఒక్క పొర చాలదు. మొదటిది సగం ఆరాక రెండోది వెయ్యాలి, గుడ్డ కదలకుండా. ఒకేసారి గట్టిగా నొక్కి ఎక్కువ సిరా దింపబోతే అంచులు పాకుతాయి. ముందు పూడుకుపోయేవి తెలుగు అక్షరాల కడుపులే. “ఇంగ్లీషు అక్షరానికి నడుములుంటాయి, మనవాటికి కడుపులుంటాయి. అవి పూడకుండా చూసుకుంటే మిగతాది అదే చూసుకుంటుంది,” అన్నాడు.

చివరగా ఒక మాట: “నలభై వేసి ఉతకరు. ఒకటి వేసి, ఒకరోజు ఆగి, అయిదుసార్లు ఉతికి, అప్పుడు ముప్పయితొమ్మిది వేస్తారు.”

ఫాల్గుణంలో పెద్దింట్లమ్మ జాతర వస్తుంది. కొల్లేటికోటలో ఆ పదిహేనురోజులూ చుట్టుపక్కల లంకలన్నీ అక్కడే ఉంటాయి. ఆలోగా నలభై చొక్కాలూ నా ఖర్చుతో మళ్ళీ వేసి ఇస్తానన్నాను. ఈసారి అన్నీ నూలువే. వద్దన్నారు, విన్లేదు. కొత్త జాలి కట్టించాను. అద్దాన్ని సారాతో, ఉతికిన నూలుగుడ్డతో తుడిచాను. కొత్త చొక్కాలకు కంపెనీవాళ్ళు పెట్టే మెత్తదనపు పూత పోయేలా ముందే ఒకసారి ఉతికాను. అచ్చు ఒకరోజు ఆరాక, పైన కాగితం పరిచి, ఆవిరి లేకుండా, నూలుకు తగ్గ వేడిలో, పెట్టె కదుపుతూ, జాన జానకూ నాలుగేసి నిమిషాలు గడియారం చూసి మరీ పెట్టాం. అమ్మా నేనూ వంతులు వేసుకున్నాం. నమూనా చొక్కాను అమ్మ బండకేసి అయిదుసార్లు ఉతికింది, అందులో రెండుసార్లు కసిగా. అక్షరం చెక్కుచెదరలేదు. 2020 మార్చి మొదటి వారంలో, ఊళ్ళన్నీ తలుపులు మూసుకోవడానికి కొద్దిరోజుల ముందు, ఆ చొక్కాలు జాతరలో తిరిగాయి. కుడివైపే పైకి తొడుక్కుని తిరిగాయి.

కథ ఇక్కడ ఆపితే బాగుంటుంది. కానీ ఆ ఏడు ఇంకా ఉంది.

2020 డిసెంబరు 5న ఏలూరులో మనుషులు ఉన్నచోట ఉన్నట్టు పడిపోవడం మొదలైంది. మూర్ఛ, నోట నురగ, కాసేపటికి తేరుకోవడం. కొద్దిరోజుల్లో వందలాది మందిని ఆస్పత్రికి తీసుకుపోయారు. రక్తంలో సీసం, నికెల్ కనబడ్డాయని ఎయిమ్స్ వారు చెప్పారు. ఆ తర్వాత పురుగుమందుల అవశేషాల వైపు వేలు చూపారు. నీళ్ళా, కూరగాయలా, గాలా అని ఊరంతా ఒకటే చర్చ. ఆ రోజుల్లో మా ఇంట్లో మంచినీళ్ళ బిందె వైపు చూడాలంటే భయం వేసేది. ఫలానా జబ్బు, ఫలానా కారణం అని ఎవరైనా చెబితే బాగుండునని అందరిలాగే నేనూ ఎదురుచూశాను. ఒకరాత్రి నిద్రపట్టక, మావయ్య అడిగినట్టే నన్ను నేను అడుక్కున్నాను: దానికి ముందు? దానికి ముందు?

అప్పుడు గుర్తొచ్చింది నారింజరంగు సీసా.

అమ్మోనియం డైక్రోమేట్. జిగురుకు వెలుగును గుర్తుపట్టే గుణం ఇచ్చేది అదే. ఎన్నో ఏళ్ళుగా మన ఊళ్ళలో ఇంటి అచ్చుగదులన్నీ దానిమీదే నడిచాయి, చవక కనుక. అందులోని క్రోమియం ఆరో సంయోజకతలో ఉంటుంది. ఆ రూపంలో అది క్యాన్సరు కారకం, చర్మాన్ని తింటుంది, నీటిజీవులకు విషం. ఎండ సోకిన చోట కొంత నిరపాయకరమైన రూపానికి మారి జిగురును బిగిస్తుంది. ఎండ సోకని చోట, అంటే సరిగ్గా అక్షరాలున్న చోట, మారకుండా నీళ్ళతో కొట్టుకుపోతుంది. కొల్లేరు అన్న మూడక్షరాలను తెరవడానికి నేను కడిగిన ఆ పసుపునీళ్ళు డాబా గొట్టంలోంచి వీధి కాలువలోకి, అక్కడినుంచి మురుగు డ్రెయిన్లలోకి పోయాయి. ఏలూరు మురుగు ఎక్కడికి పోతుంది? తమ్మిలేరు ఎక్కడికి పోతుంది? మా ఊరి నీళ్ళన్నీ దిగేది కొల్లేట్లోకే. 2002లో రామ్‌సార్ జాబితాకెక్కిన ఆ సరస్సునుంచి సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. వచ్చే దారులు ఎన్నో, పోయే దారి ఒకటి.

నేను పోసిన దానివల్ల ఎవరికో ఏదో అయిందని అనడం లేదు. ఊరికొచ్చిన జబ్బుకూ దానికీ సంబంధం లేదు, నా వాటా గరిటెడు. కానీ ఆ కుర్రాళ్ళు వల వేసేది ఆ నీళ్ళలోనే. వాళ్ళ చొక్కామీద వాళ్ళ సరస్సు పేరు వేయడానికి, ఆ సరస్సులోకే గరిటెడు విషం పంపాను. చొక్కా మీద ఎంత వెతికినా ఈ మచ్చ కనబడదు. ఎన్నిసార్లు ఉతికినా అచ్చు చెదరదు. అన్ని పరీక్షలూ నెగ్గిన అచ్చు అది.

మావయ్యకు ఫోను చేశాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “నా వేళ్ళు చూశావుగదరా. డాక్టరు ఎన్నిసార్లు అడిగినా సిరా పడదనే చెప్పాను. సిరా కాదని నాకు తెలుసు,” అన్నాడు.

ఆ తర్వాత పద్ధతి మార్చాను. క్రోమియం లేని డయాజో, ఫొటోపాలిమర్ ఎమల్షన్లు దొరుకుతాయి. ధర ఎక్కువ, కానీ నిలవ గుణం మెరుగు. డైక్రోమేట్ కలిపి పూసిన స్క్రీను చీకట్లో ఉంచినా తనంతట తాను గట్టిపడుతుంది, ఆనాడే వాడెయ్యాలి. డయాజోకు అంత తొందర లేదు. పదీ ఇరవై చొక్కాలైతే, అక్షరాలు పెద్దవైతే, మందులేవీ లేకుండా కాగితం కత్తిరించి జాలికింద అంటించినా పని జరుగుతుంది. తెలుగు అక్షరాల కడుపులను వేరే ముక్కలుగా కత్తిరించి, వాటిచోట వాటిని నిలబెట్టడం ఓపిక పని. అమ్మకు అది నాకంటే బాగా వచ్చింది. పని ముగియగానే స్క్రీనుమీది సిరా గీకి డబ్బాలోకి తీసుకుంటాం, మిగిలినదాన్ని పాతగుడ్డతో తుడుస్తాం, ఆ తర్వాతే నీళ్ళు. ఇవి కూడా నిర్దోషమైనవని చెప్పను. తగ్గించగలిగినంత తగ్గించాం, అంతే.

ఇప్పటికీ ఏడాదికి రెండుసార్లు లంకకు చొక్కాలు వేసిస్తాం. మొన్నామధ్య ఆ కుర్రాడు వచ్చి, ఇప్పుడు అతనికీ ఒక కొడుకు, బీరువా తెరిచి ఉంటే ఆ నీలిచొక్కా చూశాడు. విప్పి, చదివి, పడీపడీ నవ్వాడు. “ఇది ఇచ్చెయ్యండి అన్నయ్యగారూ, మావాడు పెద్దయ్యాక తొడుక్కుంటాడు,” అన్నాడు. ఇవ్వలేదు. ఎందుకని అడిగితే ఏదో చెప్పి తప్పించుకున్నాను.

ఆ చొక్కా వెనక, అరలో మూలగా, మూత బిగించి, పైన మైనం పెట్టి, అమ్మ అక్షరాలతో ‘విషము, ముట్టరాదు’ అని చీటీ అంటించిన సీసా ఒకటి ఉంది. సగానికి పైగా స్ఫటికాలు అలాగే ఉన్నాయి. పారబోయడం ఎంతసేపు? కానీ ఎక్కడ పారబోసినా, దాని కిందివైపున ఎవరో ఒకరు ఉంటారు.